జున్నర్ కొండల మీద నీళ్లు

అందరికీ నమస్కారం.

ఒంటరి ప్రయాణం గురించి మాట్లాడమని పిలిచారు. ముందే చెప్పేస్తున్నాను, ఒంటరితనం మీద నా దగ్గర గొప్ప మాటలేమీ లేవు. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. అయిదు రోజుల పాటు ఎవరూ "టీచర్" అని పిలవకపోతే అదే నాకు తీర్థయాత్ర. దానికి తోడు మా అమ్మాయి రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి "లొకేషన్ పెట్టమ్మా" అనేది. కాబట్టి పూర్తిగా ఒంటరి అని కూడా అనలేను.

వెళ్లింది జున్నర్. పుణెకి ఉత్తరాన 90 కిలోమీటర్లు దాటి ఉంటుంది. కరీంనగర్ నుంచి సికింద్రాబాద్, అక్కడ రాత్రి రైలెక్కితే పుణె, పుణెలో శివాజీనగర్ నుంచి ఎర్రబస్సు. మనం వెక్కిరింపుగా వాడే ఎర్రబస్సుకి అక్కడి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు "లాల్ పరీ". అంటే ఎర్రచీర కట్టిన దేవకన్య అనుకోండి. కిటికీ అద్దాల గలగల మాత్రం మన బస్సుదే.

జున్నరే ఎందుకంటే, సాతవాహనులు మనవాళ్లని వింటూ పెరిగాం. మన కోటిలింగాలలో సాతవాహనుల తొలి రాజు సిముకుడి పేరున్న నాణేలు దొరికాయని మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. అదే సిముకుడి పేరు రాతి మీద చెక్కి ఉన్నది జున్నర్ పక్కన, నాణేఘాట్ అనే కనుమలో. పోయేముందు దాన్నొకసారి కళ్లతో చూడాలనుకున్నాను. ఎక్కడికి పోయేముందని అడక్కండి, రిటైర్మెంటుకే.

జున్నర్ ఊరు ఒక గిన్నె అడుగున ఉన్నట్టుంటుంది. చుట్టూ శివనేరి, లేణ్యాద్రి, తుళజా, మన్‌మోడి కొండలు. వీటిలో తొలిచిన గుహలు 200కి పైనే. దాదాపు అన్నీ బౌద్ధులవి, క్రీస్తుకు కాస్త అటూ ఇటూగా మొదలై మూడు నాలుగు వందల ఏళ్లలో తొలిచినవి. కొండల నెత్తిన, కనుమల దగ్గర కోటలు: శివనేరి, హడ్‌సర్, చావండ్, జీవ్‌ధన్. నేను నోటుబుక్కులో పేజీ మధ్య నిలువుగా గీత కొట్టి ఎడమవైపు గుహలు, కుడివైపు కోటలు రాసుకున్నాను. రెండో రోజుకే ఆ గీత పనికి రాకుండా పోయింది. నేను చెప్పాలనుకున్న సంగతి కూడా అదే.

మొదటి రోజు లేణ్యాద్రి. మెట్లు మూడొందల దగ్గర ఉంటాయి. అష్టవినాయక క్షేత్రాల్లో కొండ మీద ఉన్నది ఇదొక్కటే, గిరిజాత్మజ గణపతి. నాతో పాటు మెట్లెక్కుతున్న వాళ్లంతా దేవుడి కోసమే వచ్చారు. గుడి అంటే మనకు గోపురం, ధ్వజస్తంభం కళ్లలో మెదులుతాయి కదా. ఇక్కడ అవేవీ లేవు. అది ఏడో నంబరు గుహ. ఒక్క స్తంభం కూడా లేని పెద్ద హాలు, మూడు గోడల వెంట 20 చిన్న గదులు. ఒక్కో గదిలో ఒక్కో భిక్షువు పడుకున్న విహారం. ఇప్పుడు వెనక గోడ నడుమ గణపతి ఉన్నాడు. నేను దండం పెట్టుకుని, కొబ్బరిముక్క నోట్లో వేసుకుని, పక్క గదిలోకి తొంగి చూశాను. చీకటి, గబ్బిలాల వాసన.

దాని పక్కనే ఆరో గుహ, చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థన మందిరం. లోపల స్తూపం, వరసగా స్తంభాలు, వాటి తలల మీద ఏనుగులూ సింహాలూ. దీన్ని చెక్కించినవాడు కల్యాణ్ నుంచి వచ్చిన సులసదత్తుడు, హేరణికుడి కొడుకు. హేరణికుడు అన్నది హిరణ్యంలోంచి వచ్చిన మాట. బంగారంతో బతికిన ఇంటివాడన్నమాట. కల్యాణ్ అప్పటికే రేవు పట్నం. అక్కడి సొమ్ము కనుమ ఎక్కి వచ్చి ఈ కొండలో రాయిగా మారింది. ఈ గుహలు అడవిలో ముక్కు మూసుకుని కూర్చున్నవాళ్ల కోసమే అనుకుంటాం గానీ, బజారు లేనిదే ఇన్ని గుహలు లేవు. జున్నర్ శాసనాల్లో వెదురు పనివాళ్ల శ్రేణి, అంటే సంఘం, కనిపిస్తుంది, కంచు పనివాళ్ల శ్రేణి కనిపిస్తుంది. ధాన్యం వర్తకుల శ్రేణి ఏడు గదుల గుహ, దానితో పాటు ఒక "పోఢి" దానం చేసింది.

ఈ పోఢి అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. పోఢి అంటే రాతిలో తొలిచిన నీటి తొట్టి. మన కొండల మీద దొన అంటామే, అలాంటిదే, కాకపోతే మనిషి చేత్తో చేసిన దొన. గుహ ముందు, మెట్ల పక్కన, ఎక్కడపడితే అక్కడ కనిపిస్తాయి. మొదట్లో నేనూ పట్టించుకోలేదు. కళ్లు శిల్పాల మీదికి పోతాయి గానీ గుంటల మీదికి పోతాయా?

లేణ్యాద్రిలో ఒకదాని దగ్గర మోకాళ్ల మీద వంగి ఫోన్ టార్చి వేశాను. పైన చూస్తే మన ఇంట్లో సంపు మూత ఎంతుంటుందో అంతే చదరం. లోపల మాత్రం రాతి కిందగా ఆ పక్కకీ ఈ పక్కకీ గదిలా పోయింది. వెలుతురు అందినంత మేరా నల్లగా నీళ్లు. అంచు మీద వేలు పెట్టి రాస్తే సన్నటి గాడి తగిలింది, తాడు ఒరుసుకున్న చోట ఎలా ఉంటుందో అలా. పైన నోరు చిన్నది, ఎండ తగలదు, నీరు ఆవిరైపోదు, నాచు పట్టదు. గుహ నుదుటి మీద సన్నటి కాలువలు చెక్కారు, వాన నీరు వాటి వెంట జారి తొట్టిలో పడుతుంది. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తుంది. తర్వాత ఎనిమిది నెలలు చుక్క ఉండదు. నల్లరాతి కొండ, బావి తవ్వే వీలు లేదు. పోఢి లేకపోతే బుద్ధుడూ లేడు, భిక్షువూ లేడు.

దానాల చిట్టా చూడండి. యవనుడొకడు, అంటే గ్రీకు దేశం వైపువాడు, పేరు ఇరిలుడు, రెండు పోఢులు చేయించాడు. "దేయధమ బే పోఢియో" అని చెక్కించాడు. "బే" అంటే రెండు. గుజరాతీలు ఇప్పటికీ రెండుని "బే" అనే అంటారు. శక రాజు మహాక్షత్రప నహపానుడి అమాత్యుడు అయముడు మన్‌మోడి కొండలో ఒక పోఢి, ఒక మండపం ఇచ్చి 46వ సంవత్సరం అని లెక్క కూడా వేయించాడు. పరాయి దేశస్థుడికైనా రాజుగారి మంత్రికైనా పుణ్యమంటే ముందు గుర్తొచ్చింది నీళ్లే. మనం చలివేంద్రం పెట్టినట్టే అనుకోండి. తేడా ఏంటంటే మన కుండ ఉగాది నుంచి మృగశిర దాకా ఉంటుంది, వాళ్ల తొట్టి రెండు వేల ఏళ్లుగా ఉంది.

రెండో రోజు శివనేరి. ఛత్రపతి శివాజీ 1630లో పుట్టిన కోట. 2025లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన 12 మరాఠా కోటల్లో ఇదొకటి. ఏడు దర్వాజాలు. జనం ఎక్కువ. కాషాయ జెండాలు పట్టుకుని ఉత్సాహంగా ఎక్కే కుర్రాళ్లు నన్ను చూసి "ఎకటీచ్ ఆలాత్?" అనేవాళ్లు, ఒక్కరే వచ్చారా అని. ఔనంటే దారి ఇచ్చేవాళ్లు. ఒకబ్బాయి నా సంచి కూడా మోస్తానన్నాడు, ఇవ్వలేదు. సంచి ఇస్తే నా వయసు ఒప్పుకున్నట్టు కాదూ!

కొండ మీద గంగ, జమున అని పక్కపక్కనే నీటి తొట్లున్నాయి. వాటి ముందు నిలబడగానే నాకు నిన్నటి లేణ్యాద్రి గుర్తొచ్చింది. అదే చదరపు నోరు, లోపల అదే చీకటి. కోట మరాఠాలది, అహ్మద్‌నగర్ నిజాంషాహీలది, మొఘలులది అని బోర్డులు చెబుతాయి. కానీ ఈ కొండ చుట్టూ బౌద్ధ గుహలే 60కి పైగా ఉన్నాయి. భిక్షువులు ఉండగలిగిన కొండ కాబట్టే సైనికులూ ఉండగలిగారు. అప్పుడు తీశాను నోటుబుక్కు. నడుమ గీత మీద అడ్డంగా "నీళ్లు" అని రాశాను.

1673లో ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ కోట చూశాడు. వెయ్యి కుటుంబాలకు ఏడేళ్లు సరిపడా తిండి నిల్వ ఉందని రాశాడు. గింజలు మోసుకొచ్చి కొట్టు నింపొచ్చు. నీళ్లు మోసుకెళ్లి ఏడేళ్లు ఎవరు బతికారు? ఇంకో మాట. తను పుట్టిన ఈ కోట శివాజీ బతికుండగా ఆయన చేతికి రానే లేదు. అంత గట్టిది.

ఇప్పుడు నా ఘనకార్యం. జనమంతా పుట్టిన గది చూసి దిగిపోతుంటే, నేను తెలివిగా తూర్పు వైపు గుహలకని పక్కదారి పట్టాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది. చేతిలో అరలీటరు సీసా, అందులోనూ సగమే. ఎండిన గడ్డి మీద కాలు జారి కూర్చుండిపోయాను. మోకాలు గీరుకుంది, పెద్ద దెబ్బేం కాదు, కానీ సీసా దొర్లుకుంటూ పోయింది. అది రాయి నుంచి రాయికి తగులుతూ చేసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. టెన్షన్ పడలేదంటే అబద్ధం. కొండ నిండా నీళ్ల తొట్లే అని పొద్దున్నుంచి మురిసిపోయిన మనిషికి తాగడానికి గుక్కెడు లేవు.

పావుగంటకి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. "తాయి, కాయ్ ఝాలం?" అంది. అక్కా, ఏమైంది అని. నాకు మరాఠీ రాదు, మోకాలు చూపించాను. ఆవిడ పాత కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లిచ్చింది. చల్లగా ఉన్నాయి. ఎక్కడివని సైగ చేస్తే చెయ్యెత్తి కొండ వైపు చూపించి "టాకే" అంది. మరాఠీలో తొట్టిని అలాగే అంటారు. వడగట్టని నీళ్లు తాగొద్దని బళ్లో పిల్లలకు చెప్పే నేను సీసా ఖాళీ చేసి ఇచ్చాను. కడుపు నొప్పి రాలేదు. అలాగని మీరెవరూ చేయకండి.

మూడో రోజు తుళజా. అక్కడి చైత్యం మామూలు పొడుగు హాలు కాదు, గుండ్రం. నడుమ స్తూపం, చుట్టూ పన్నెండు నున్నటి అష్టకోణ స్తంభాలు, పైన గుమ్మటం. గుండ్రటి చైత్యాలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకొకటి మన ఏలూరు జిల్లా గుంటుపల్లిలో ఉంది. చూడనివాళ్లు ముందు అది చూడండి, జున్నర్ తర్వాత వెళ్లొచ్చు.

ఇక నాణేఘాట్. ఊరికి పడమరగా 30 కిలోమీటర్లకు పైనే, నేను జీపు మాట్లాడుకున్నాను. కొండల మధ్య ఇరుకు సందు, దాని అవతల నేల ఒక్కసారిగా కొంకణంలోకి పడిపోతుంది. కల్యాణ్, సోపారా రేవుల నుంచి ఎడ్ల మీద, గాడిదల మీద సరుకు ఎక్కి వచ్చిన దారి ఇదే. అంచున పెద్ద రాతి బాన ఒకటుంది. సుంకం నాణేలు అందులో వేసేవాళ్లంటారు. మరాఠీలోనూ నాణెం నాణెమే, కాబట్టి ఆ కనుమ పేరుకి నాకెవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

కనుమకి కాపలాగా జీవ్‌ధన్ కోట నిలబడి ఉంది. 1818లో ఇంగ్లీషువాళ్లు దాని మెట్లు పేల్చేశారు. ఆ చోట ఇప్పుడు రాయి పట్టుకుని పాకాలి. నేను ఎక్కలేదు. చేతిలో తాడు లేదు, పక్కన మనిషి లేడు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి నేను పెట్టుకున్న నియమం అదొక్కటే, దిగడం తెలియని చోట ఎక్కకూడదు.

కనుమలో ఒక గుహ. గోడల నిండా బ్రాహ్మీ లిపి. సాతకర్ణి రాణి నాగనిక వేయించిన శాసనం. చేసిన యజ్ఞాలు, ఇచ్చిన దక్షిణలు. 1700 ఆవులు, 10 ఏనుగులు అంటూ సాగుతుంది. లెక్కల టీచరుని కదా, నాకు ఆవుల కన్నా అంకెలు ముఖ్యం. మన దేశంలో రాతి మీద మిగిలిన పాత అంకెల్లో ఇవి ముందు వరసలోవి. రెండంటే రెండు అడ్డగీతలు. నాలుగు మన కూడిక గుర్తులా ఉంటుంది. సున్నా లేదు, స్థాన విలువ లేదు. పదికొక గుర్తు, వందకొక గుర్తు, వెయ్యికొక గుర్తు. మా పిల్లలు సున్నాలు మర్చిపోతే కొట్టేసేదాన్ని. ఈ రాణిగారికి ఎన్ని మార్కులు వేయాలి?

వెనక గోడకి రాజకుటుంబం బొమ్మలుండేవి. ఇప్పుడు పాదాల ఆనవాళ్లే మిగిలాయి. వాటి పైన పేర్లు మాత్రం ఉన్నాయి. "రాయా సిముక సాతవాహనో సిరిమతో". ఆ పేరు వేలితో గాల్లో రాసుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. జీపు డ్రైవరు వచ్చి టైమవుతోందని గుర్తుచేశాడు.

తిరుగుదారిలో పూర్ అనే పల్లెలో కుకడేశ్వర్ గుడి దగ్గర జీపు ఆపించాను. కుకడీ నది పుట్టేది అక్కడే. ఈ కొండల అంచుకు పడమర పడ్డ చినుకు ఆ కనుమల కిందికి దూకి అరేబియా సముద్రంలోకి పోతుంది. తూర్పున పడ్డ చినుకు కుకడీలో కలుస్తుంది. కుకడీ ఘోడ్ నదిలోకి, ఘోడ్ భీమలోకి, భీమ కృష్ణలోకి. తర్వాత దారి మీకు తెలుసు, నాగార్జునకొండ, అమరావతి, హంసలదీవి. చెయ్యి ముంచితే మోచేతి దాకా కూడా రాలేదు నీళ్లు.

నా టైము కూడా అయిపోయినట్టుంది, కార్యదర్శి గారు వాచీ చూసుకుంటున్నారు. ఫొటోలు తెచ్చాను. బాబూ, ఆ వెనక లైటొకసారి ఆపు. మొదటిది లేణ్యాద్రి పోఢి. కొంచెం వంకరగా వచ్చింది, ఒక చేత్తో రాయి పట్టుకుని తీశాను. ఆ అంచు మీద కనిపిస్తోందా, తాడు గాడి?