ఫిన్లాండ్‌కు ఏ సెలవుల్లో వెళ్లాలి? ఒక ప్రయాణ సమీక్ష

నమస్కారం. ఒక సంక్రాంతి సెలవుల్లో మేము కాలినడకన దాటిన సరస్సును, ఆ తర్వాతి దసరా సెలవుల్లో పడవలో దాటాము. ఆ సరస్సు ఫిన్లాండ్ ఉత్తర భాగంలో, ఇనారి అనే చిన్న ఊరికి దగ్గరలో ఉంది. ఆ దేశానికి వెళ్లాలనుకునేవారు నన్ను సాధారణంగా అడిగే ప్రశ్న ఎన్ని రోజులు సరిపోతాయని. అంతకన్నా ముందు అడగవలసినది ఏ నెలలో వెళ్లాలని. పిల్లల బడి సెలవులను బట్టే ప్రయాణాలు పెట్టుకునే మన కుటుంబాలకు ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం కాబట్టి, ఈ సమీక్షను మన సెలవుల చుట్టూనే అల్లాను.

ముందుగా తెర మీద కనిపిస్తున్న పటాన్ని చూడండి. ఫిన్లాండ్ విస్తీర్ణం దాదాపు 3,38,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానికన్నా చిన్నవే. జనాభా మాత్రం 56 లక్షలు. 2011 లెక్కల నాటికే ఒక్క హైదరాబాద్ నగరంలో 67 లక్షలకు పైగా మనుషులున్నారని గుర్తుచేసుకుంటే ఆ దేశం ఎంత ఖాళీగా ఉంటుందో అర్థమవుతుంది. నేలలో నాలుగింట మూడు వంతులు అడవి. 500 చదరపు మీటర్లకు మించిన సరస్సులను లెక్కపెడితే 1,87,888 తేలాయి. ఆ దేశపు ప్రజలు తమ దేశాన్ని సువోమి అని పిలుచుకుంటారు. నాణేల మీదా తపాలా బిళ్లల మీదా ఆ పేరు కనిపిస్తుంది.

ఈ దేశం 1809 వరకు స్వీడన్ ఏలుబడిలోనూ, ఆ తర్వాత రష్యా చక్రవర్తి కింద స్వయంపాలన గల సంస్థానంగానూ ఉండి, 1917 డిసెంబరు 6న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఈ చరిత్ర ప్రయాణికుడికి ఎందుకంటే, స్వీడిష్ నేటికీ ఫిన్నిష్‌తో సమానంగా అధికార భాష కావడం వల్ల అనేక ఊళ్లకు రెండేసి పేర్లు ఉన్నాయి. తుర్కు అనే ఊరికి స్వీడిష్‌లో ఓబూ అని పేరు. స్టేషన్ బోర్డు మీద రెండు పేర్లూ కనిపిస్తే అవి రెండు ఊళ్లేమోనని కంగారు పడవద్దు.

ఇక సెలవుల విషయానికి వద్దాం. మన పిల్లలకు దొరికే పెద్ద సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య వరకు ఉంటాయి. రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులను, అంటే ఉత్తర కాంతులను, చూడాలనే కోరికతో ఎన్నో కుటుంబాలు ఆ రోజులకే టికెట్లు కొంటున్నాయి. దయచేసి ఆ పొరపాటు చేయకండి. మే నెల నుంచి ఆగస్టు మధ్య దాకా దేశపు ఉత్తర ప్రాంతమైన లాప్లాండ్‌లో రాత్రి ఆకాశం ఆ కాంతులు కంటికి ఆనేంతగా చీకటి పడదు. ఆర్కిటిక్ వలయం అంచున ఉన్న రోవానియెమి పట్టణంలో జూన్ మొదటి వారం నుంచి జూలై మొదటి వారం దాకా సూర్యుడు అస్తమించనే అస్తమించడు. అర్ధరాత్రి సూర్యుణ్ని చూడాలన్నదే మీ కోరికైతే, జూన్‌లో సంతోషంగా వెళ్లండి. అయితే కిటికీలకు మందపాటి తెరలున్న గది తీసుకోండి, ఎందుకంటే చిన్నపిల్లలకు నిద్ర పట్టడం కష్టమవుతుంది. జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు లాప్లాండ్‌లో దోమలు కూడా విపరీతం. మరొక ముఖ్యమైన సంగతి యుహన్నుస్ పండుగ. జూన్ 20కి, 26కి మధ్య వచ్చే శనివారం నాడు దీన్ని జరుపుకుంటారు. ఆ వారాంతంలో జనమంతా సరస్సు ఒడ్డున ఉన్న తమ కుటీరాలకు తరలిపోతారు. నగరంలో ఎన్నో దుకాణాలు మూసి ఉంటాయి, బస్సులు తగ్గిపోతాయి. తిండీ ప్రయాణమూ ముందే ఏర్పాటు చేసుకోవాలి.

సంక్రాంతి సెలవులు దీనికి పూర్తిగా తలకిందులు. దేశానికి ఉత్తరపు కొసన ఉన్న ఉత్స్‌యోకిలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. ఈ కాలాన్ని అక్కడ కామోస్ అంటారు. ఆ రోజుల్లో కటిక చీకటే ఉంటుందని నేను అనుకున్నాను కానీ, పగటి పూట కొన్ని గంటలపాటు ఆకాశమూ మంచూ కలిసి నీలం రంగులోకి తిరుగుతాయి. ఆ వెలుగులోనే మేము గడ్డకట్టిన సరస్సును దాటాము. కాళ్ల కింద మంచు నలిగే చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. చలి గురించి దాచకుండా చెబుతాను. సున్నాకు 20, 25 డిగ్రీలు దిగువన ఉండటం అక్కడ మామూలు. 1999 జనవరిలో కిత్తిల దగ్గరి పొక్క అనే పల్లెలో సున్నాకు 51.5 డిగ్రీల దిగువన నమోదైంది. ఒకే మందపాటి కోటును నమ్ముకోకుండా, ఒంటికి ఆనుకుని ఉన్ని లోదుస్తులు, దాని మీద మరో పొర, అన్నిటి పైన గాలి చొరబడని కోటు వేసుకోవాలి. మంచుబండి విహారాలు నడిపేవారు సాధారణంగా పైదుస్తులూ బూట్లూ వాళ్లే ఇస్తారు కాబట్టి అడిగి తెలుసుకున్న తర్వాతే కొనండి. చలి కంటే రాజధాని హెల్సింకి వీధుల్లో పేరుకునే నున్నటి మంచుగడ్డ ప్రమాదకరం. పెద్దవాళ్లతో వెళ్తే జారని అడుగున్న బూట్ల మీదే ఎక్కువ ఖర్చు పెట్టండి.

నా ఓటు మాత్రం దసరా సెలవులకే. సెప్టెంబరు మధ్యలో లాప్లాండ్ అడవులన్నీ పసుపూ ఎరుపూ పులుముకుంటాయి. ఆ రుతువుకు రుస్క అని పేరు. మన సెలవులు మొదలయ్యేసరికి ఉత్తరాన ఆకు రాలడం మొదలవుతుంది గానీ, దక్షిణాన అప్పుడే రంగు తిరుగుతూ ఉంటుంది. రాత్రులు చీకటిగా ఉంటాయి కాబట్టి ఉత్తర కాంతులకూ అవకాశం ఉంది. దోమలుండవు, చలి భరించదగినదే. అన్నిటికన్నా మించి, అడవిలో నడవవచ్చు. ఫిన్లాండ్‌లో ప్రతి మనిషికీ ఒక హక్కు ఉంది: అడవి ఎవరి సొంతమైనా సరే, నష్టం కలిగించకుండా దానిలో నడవడానికీ, పళ్లూ పుట్టగొడుగులూ ఏరుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు, పరాయి దేశపు వారికి కూడా. ఇళ్ల పెరళ్లలోకి పోకూడదు, భూయజమాని అనుమతి లేకుండా మంట వేయకూడదు. మా పిల్లలు ఒక మధ్యాహ్నమంతా పువోలుక్క అనే ఎర్రటి పుల్లని పళ్లు డబ్బాలో ఏరుకున్నారు. నాకు ఈ దేశంలో అన్నిటికన్నా నచ్చినది ఆ హక్కే. పుట్టగొడుగులు మాత్రం తెలిసినవారు పక్కన లేకుండా తినవద్దు.

ఉత్తర కాంతులకు ఫిన్నిష్‌లో రెవొంతులెత్ అని పేరు. దానికి నక్క మంటలు అని అర్థం. నక్క తోకతో మంచును విసిరితే ఆకాశంలో ఆ వెలుగు పుడుతుందని పాత నమ్మకం. సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాలు భూమి వాతావరణంలోని ఆక్సిజన్, నైట్రోజన్ అణువులను తాకడం వల్ల ఆ రంగులు వస్తాయి. ఆకాశం మబ్బు పట్టి ఉంటే ఎంత ఖర్చు పెట్టినా ఏమీ కనిపించదు. కాబట్టి ఒకటి రెండు రాత్రులు కాకుండా కనీసం నాలుగు రాత్రులైనా ఉత్తరాన ఉండేట్టు చూసుకోండి. మాకు సంక్రాంతి ప్రయాణంలో మూడు రాత్రులు మబ్బులే మిగిలాయి, నాలుగో రాత్రి ఇరవై నిమిషాలపాటు పచ్చటి వెలుగు కనిపించింది.

ఉత్తరాన ఎక్కడ ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. అందరూ వెళ్లేది రోవానియెమికే. 1944లో వెనుదిరుగుతున్న జర్మన్ సేనలు ఆ పట్టణాన్ని దాదాపు పూర్తిగా తగలబెట్టాయి. తర్వాత వాస్తుశిల్పి అల్వార్ ఆల్తో ధ్రువపు దుప్పి (రెయిన్‌డీర్) కొమ్ముల ఆకారంలో వీధుల ప్రణాళిక గీసి ఇచ్చాడు. పట్టణానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఆర్కిటిక్ వలయం దగ్గర శాంతా క్లాజ్ గ్రామం ఉంది. పదేళ్లలోపు పిల్లలకు అది నచ్చుతుంది, అక్కడి తపాలా కార్యాలయం కూడా సరదాగానే ఉంటుంది. అయితే డిసెంబరులో ధరలూ జనమూ రెండూ భరించలేనంతగా ఉంటాయి. అక్కడికి 300 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న ఇనారికి వెళ్లమనే నేను చెబుతాను. ఆ ప్రాంతపు ఆదివాసులైన సామీల పార్లమెంటు ఆ ఊళ్లోనే ఉంది. సీద అనే ప్రదర్శనశాలలో వారి జీవితాన్ని వారి మాటల్లోనే తెలుసుకోవచ్చు. ఫిన్లాండ్‌లో మూడు సామీ భాషలు మాట్లాడతారు. ఒక విన్నపం: వారిని లాప్ అని పిలవకండి, ఆ మాటను వారు అవమానంగా భావిస్తారు. ఫోటోల కోసం అద్దెకిచ్చే నకిలీ సామీ దుస్తులు వేసుకోకండి. దారిలో కనిపించే ప్రతి ధ్రువపు దుప్పికీ ఒక యజమాని ఉంటాడు, అవి అడవి జంతువులు కావు.

హెల్సింకికి రెండు రోజులు చాలు. విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకు లోకల్ రైలులో అరగంట ప్రయాణం. మెట్రో, ట్రామ్, బస్సు, పడవ అన్నిటికీ ఒకే రోజువారీ టికెట్ చెల్లుతుంది. మెట్రోలో గేట్లు ఉండవు గానీ, తనిఖీలో టికెట్ లేకపోతే జరిమానా గట్టిగానే ఉంటుంది. అదే టికెట్‌తో పడవెక్కి, 1748లో కట్టడం మొదలుపెట్టిన సువోమెన్‌లిన్న సముద్రపు కోటకు వెళ్లవచ్చు. కోటలోకి ప్రవేశ రుసుము లేదు. 1969లో బండరాతిని తొలిచి కట్టిన తెంపెలియావుకియో చర్చి, 2018లో తెరిచిన ఓది గ్రంథాలయం తప్పక చూడండి. గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు కుట్టు మిషన్లు, త్రీడీ ప్రింటర్లు కూడా ప్రజల కోసం పెట్టారు. వాన రోజు పిల్లలతో అక్కడే గడిపేయవచ్చు.

సౌనా, అంటే ఆవిరి స్నానపు గది, గురించి మనవాళ్లలో బిడియం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 56 లక్షల మంది ఉన్న దేశంలో దాదాపు 30 లక్షల సౌనాలు ఉన్నాయి. చెక్కగదిలో రాళ్లను బాగా కాల్చి, గరిటెతో నీళ్లు చల్లితే లేచే ఆవిరికి లోయ్లు అని పేరు. పూర్వం స్త్రీలు ప్రసవించింది అక్కడే, చనిపోయినవారికి స్నానం చేయించింది అక్కడే. అందుకే వాళ్లు దాన్ని విలాసంగా కాక, ఇంటిలో పవిత్రమైన చోటుగా చూస్తారు. 2020లో యునెస్కో కూడా దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పాతకాలపు పబ్లిక్ సౌనాలలో స్త్రీలకూ పురుషులకూ వేర్వేరు గదులుంటాయి, లోపల బట్టలు లేకుండానే కూర్చుంటారు. దానికి మనసొప్పనివారు ఈత దుస్తులు తప్పనిసరి చేసిన ఉమ్మడి సౌనాకు వెళ్లవచ్చు. లేదా సొంత సౌనా ఉన్న కుటీరం అద్దెకు తీసుకోవచ్చు, మేము చేసింది అదే. ముందు స్నానం చేయాలి, కూర్చునే చోట తువ్వాలు పరుచుకోవాలి, కింది మెట్టు మీద మొదలుపెట్టాలి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగిన తర్వాతే వెళ్లాలి.

తిండి విషయంలో శాకాహారులు భయపడనక్కర్లేదు. కస్విస్ అన్న మాట కనిపిస్తే అది కూరగాయల వంటకం. కల అంటే చేప, కన అంటే కోడి, మున అంటే గుడ్డు, లిహ అంటే మాంసం. ఈ అయిదు మాటలు కాగితం మీద రాసిపెట్టుకోండి. కర్యలన్‌పీరక్క అనే రొట్టెలో పాలతో ఉడికించిన అన్నం ఉంటుంది. దాని మీద పూసే వెన్నముద్దలో గుడ్డు కలుపుతారు, వద్దంటే పూయరు. పనిరోజుల్లో మధ్యాహ్నం 11 నుంచి 2 దాకా చాలా హోటళ్లలో లౌనస్ పేరుతో తక్కువ ధరకు భోజనం పెడతారు. రాత్రి భోజనం ఖర్చుతో పోలిస్తే అది సగమే. సల్మియక్కి అనే నల్లటి మిఠాయిని మాత్రం చూసి తినండి. మన ఊళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు వాడే నవాసాగరమే దానికి ఆ రుచినిచ్చేది. మా ఇంట్లో ఎవరూ రెండో ముక్క తీసుకోలేదు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. ఖాళీ సీసాలు, డబ్బాలు సూపర్ మార్కెట్‌లోని యంత్రంలో వేస్తే కొంత డబ్బు తిరిగి ఇస్తారు, పారేయకండి.

మిగతా వివరాలు త్వరగా చెబుతాను. యూరప్‌లోని అనేక దేశాలకు ఒకటిగా చెల్లే షెంగెన్ వీసా కావాలి. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. 2025 అక్టోబరు నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది కాబట్టి విమానాశ్రయంలో సమయం ఎక్కువ పట్టవచ్చు. రష్యాతో ఉన్న భూసరిహద్దు దారులు 2023 చివరి నుంచి మూసివేసి ఉన్నాయి. ఎస్టోనియా రాజధాని తాలిన్‌కు మాత్రం పెద్ద పడవలో రెండు గంటల్లో చేరుకోవచ్చు. కరెన్సీ యూరో. ఒకటి, రెండు సెంట్ల నాణేలు అక్కడ వాడరు, మొత్తాన్ని అయిదుకు సరిచేస్తారు. టిప్పు ఎవరూ ఆశించరు. సమయం మనకన్నా చలికాలంలో మూడున్నర గంటలు, వేసవిలో రెండున్నర గంటలు వెనక. మన మూడు కాళ్ల ప్లగ్ అక్కడ పట్టదు, అడాప్టర్ తీసుకెళ్లండి. అత్యవసర నంబరు 112.

చివరగా భాష. దాదాపు అందరూ ఇంగ్లీషు మాట్లాడతారు, అయినా ఫిన్నిష్ మాటలు నేర్చుకోవడంలో తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. పలు, పాలు అన్న మాటల్లో అచ్చు నిడివి మారితే అర్థం మారినట్టే, కల, కల్ల అన్న మాటల్లో హల్లు ఒత్తితే అర్థం మారినట్టే ఆ భాషలోనూ మారుతుంది. మనం ఇంటికి లో చేర్చి ఇంట్లో అన్నట్టు, వాళ్లు ఇల్లు అనే అర్థమున్న తలొ చివర స్స చేర్చి తలొస్స అంటారు. రెండు భాషలకూ చుట్టరికం ఉందని నేను చెప్పడం లేదు గానీ, ఆ ఒత్తులూ దీర్ఘాలూ మన చెవికి వెంటనే అందుతాయి. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే కస్టమ్స్. హెల్సింకి విమానాశ్రయంలో సామాను తీసుకుని బయటికి నడిచేటప్పుడు ఆ మూడో మాట బోర్డు మీద కనిపిస్తుంది. ప్రకటించవలసిన వస్తువులేమీ లేకపోతే పచ్చ దారిలో వెళ్లండి.