చౌడు నేలలో ఉప్పు కొలత (ఈసీ) 4 ఉంటే మిరప ఏమవుతుంది? బొబ్బెర ఏమవుతుంది?

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

కాకతీయ కాలువ కింది పల్లపు మడుల్లో తెల్లటి పొర తేలగానే "చౌడు పట్టింది, జిప్సం చల్లాలె" అంటారు. ఆగండి. తెల్లగా పేరుకునేది పాలచౌడు, అంటే ఉప్పు. జిప్సంతో అది పోదు, మంచినీళ్లతో కడగాల్సిందే. నీరు ఇంకక, ఎండితే రాయిలా బిగిసే కారుచౌడుకే జిప్సం. దాని పీహెచ్ 8.5 దాటుతుంది. ఇవాళ పాలచౌడు సంగతే చూద్దాం.

ఉప్పు ముందు నీళ్ల దగ్గర కొడుతుంది. మట్టిలో తడి ఉన్నా వేరు గుంజుకోలేదు, మొక్క వాడుతుంది. అది చూసి మళ్లీ అదే ఉప్పు బోరు నీళ్లు పెడతాం! కొన్ని వారాలకు సోడియం, క్లోరైడ్ ముదురు ఆకుల్లో చేరి అంచులు మాడుతాయి. ఓర్చుకునే మొక్క సోడియాన్ని చాలావరకు వేరు దగ్గరే ఆపుతుంది, లేదా బీట్‌రూట్ లాగా ఆకు కణాల్లోని సంచుల్లో విడిగా దాచుకుంటుంది.

ఎంత ఉప్పు దాకా ఓర్చుకుంటుందో చెప్పే కొలత ఈసీ, అంటే నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందో చెప్పే అంకె (డెసీసైమన్/మీటరు). ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది. మట్టిని నీళ్లతో ముద్ద చేసి, పిండిన నీటిలో చూస్తారు. ఫ్రెంచ్ బీన్స్ 1 దాటితే, ఉల్లి 1.2, మిరప 1.5, టమాట 2.5, బొబ్బెర 4.9 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఆపైన ఒక్కో యూనిట్‌కు మిరపలో 14 శాతం పోతుంది, టమాటలో దాదాపు 10, బీన్స్‌లో 19. అంటే ఈసీ 4 ఉన్న మడిలో మిరప మూడో వంతుకు పైగా నష్టం, బీన్స్ సగానికి పైగా. బొబ్బెరకు ఏమీ కాదు. మన ల్యాబులు ఎక్కువగా ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీళ్లు కలిపి కొలుస్తాయి. ఉప్పు పలచబడి అంకె తక్కువ వస్తుంది కాబట్టి రిపోర్టును ఈ అంకెలతో నేరుగా పోల్చొద్దు, ఏ పద్ధతో అడగండి.

ఈ అంకెలు నిలదొక్కుకున్న మొక్కవి. ఎదిగాక 4 దాకా ఓర్చే బీట్‌రూట్‌కు కూడా మొలకప్పుడు 3 దాటకూడదు. అందుకే నారుమడికి ఉన్నంతలో మంచి నీళ్లే వాడండి.

ఎక్కువ మంది తప్పు చేసేది బోదె మీద. రెండు వైపులా నీళ్లు పారితే ఉప్పు నడినెత్తికి ఎక్కి కూర్చుంటుంది, సరిగ్గా అక్కడే నారు నాటుతాం. నడినెత్తికి నాలుగు వేళ్ల వెడల్పు కిందగా, బోదె పక్క వాలులో నాటండి. డ్రిప్పులో ఉప్పు తడి అంచున చేరుతుంది. చిన్న వాన పడగానే మోటారు ఆపితే ఆ ఉప్పంతా వేళ్ల మీదికి దిగుతుంది, కాబట్టి అప్పుడు నడపాలి. పొటాష్ కావాలంటే క్లోరైడ్ ఉండే ఎంఓపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) మాని సల్ఫేట్ రకం వాడండి, ఖరీదైనా సరే.

కడగడానికి లెక్క: అడుగు లోతు మట్టికి అరడుగు నీళ్లు ఇంకితే ఉప్పు సుమారు సగం దిగుతుంది, అడుగు ఇంకితే ఐదింట నాలుగు వంతులు. దిగిన నీరు బయటికి పోయే మురుగు కాలువ ముందే తవ్వాలి. లేదంటే కింది నీటిమట్టం లేచి, ఎండల్లో అదే ఉప్పు మళ్లీ పైకి వస్తుంది.