అమ్మ బొట్టు ఆకుపచ్చ అద్దంలో ఉండిపోయింది

అందరికీ నమస్కారం. పెద్దలకీ, పిల్లలకీ, వెనకాల వంట దగ్గరున్న ఆడపడుచులకీ. ముందు కమిటీవాళ్ళకి థాంక్స్ చెప్పాలి. పాత ఫోటోలని ఏఐతో ఎలా బాగుచేసుకోవాలో ముప్పావుగంట చెప్పమన్నారు. చెబుతాను. కానీ దానికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది, అది చెప్పకుండా నేను ముందుకి వెళ్ళలేను.

1987లో నేనిక్కడ చదువుకుంటున్నప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో అమీగా 1000 అనే కంప్యూటర్ కొన్నాను. కమోడోర్ కంపెనీ వాళ్ళది. ఆ రోజుల్లో ఐబీఎం పీసీలో తెరకి రంగులిచ్చే మామూలు సీజీఏ కార్డుంటే బొమ్మల్లో ఒకేసారి కనిపించేవి 4 రంగులు. మామూలు మెకింటాష్‌లో నలుపూ తెలుపూ, అంతే. అమీగాలో 4096. నా రూముకి వచ్చినవాళ్ళు తెర చూసి ఇది టీవీనా కంప్యూటరా అని అడిగేవాళ్ళు.

ఆ 4096 ఎలా వచ్చాయో రెండు నిమిషాలు చెప్పనివ్వండి, ఇందులో ఒక మంచి కథుంది. తెర మీద ఒక్కో చుక్కకీ ఆ మెషీన్ ఇవ్వగలిగింది 6 బిట్లే, అంటే ఆరు సున్నా-ఒకట్లు. 6 బిట్లతో 64 రంగులు దాటవు కదా. అందుకని ఏం చేశారంటే, ఎడమ పక్క చుక్క రంగుని అలాగే ఉంచి, దాంట్లో ఎరుపో ఆకుపచ్చో నీలమో ఒక్కటి మాత్రం మార్చుకో అన్నారు. దీన్ని హోల్డ్ అండ్ మాడిఫై అనేవాళ్ళు, పొట్టిగా హ్యామ్. అంటే ప్రతి చుక్కా పక్కింటివాళ్ళ రంగు అరువు తెచ్చుకుని ఒక్క పాలు మార్చుకుంటుంది. అందుకే నల్ల జుట్టు అయిపోయి తెల్ల గోడ మొదలయ్యేచోట రంగు ఒక్కసారిగా మారలేదు, రెండు మూడు చుక్కలు పడుతుంది, ఆ అంచు వెంట పిచ్చి రంగు ఒకటి సన్నగా పాకేది. అమీగా చిప్‌ల వెనకున్న జే మైనర్‌కి ఈ హ్యామ్ ఎందుకూ పనికిరాదనిపించి తీసేయమన్నారట. తీస్తే చిప్‌లో పెద్ద ఖాళీ మిగులుతుంది, లేదా లేఅవుట్ మళ్ళీ చేయడానికి నెలలు పడుతుంది అన్నారట లేఅవుట్ వేసినాయన. సరే ఉండనివ్వండి అన్నారు. ఆయనే ఇంటర్వ్యూలో చెప్పిన మాట ఇది. ఆ తీసేయని ముక్కే నాకు మా అమ్మ ఫోటో ఇచ్చింది.

మెషీన్‌కి రంగులొచ్చాయి సరే, బయటి బొమ్మ లోపలికి వెళ్ళేదెలా? ఇక్కడికి దగ్గర్లోనే, మన కాన్సస్ రాష్ట్రంలోనే టొపీకాలో టిమ్ జెనిసన్ అనే ఆయన న్యూటెక్ అని కంపెనీ పెట్టి 1986లో డిజి-వ్యూ తెచ్చారు. ధర 199 డాలర్ల 95 సెంట్లు. మెషీన్ వెనక ప్రింటర్ పెట్టే పార్లల్ పోర్టుకి తగిలించే చిన్న డబ్బా, ఒక సాఫ్ట్‌వేర్, ఒక ప్లాస్టిక్ చక్రం. ఆ చక్రమే ముఖ్యం. అందులో ఎర్ర ముక్క, ఆకుపచ్చ ముక్క, నీలం ముక్క, ఒకటి రంగులేనిది. మన చేతిలో ఉన్నది దుకాణాల్లో కాపలాకి పెట్టే నలుపు తెలుపు వీడియో కెమెరా. దాని లెన్సు ముందు ఈ చక్రం పెట్టి, ఎర్ర ముక్కలోంచి ఒకసారి తీసి, చేత్తో తిప్పి ఆకుపచ్చలోంచి ఒకసారి, మళ్ళీ తిప్పి నీలంలోంచి ఒకసారి. ఒక్కోటి పది సెకన్లు. తెర మీద బొమ్మ ఒక పక్క నుంచి గీత గీతగా పరుచుకుంటూ వచ్చేది. మూడూ అయ్యాక సాఫ్ట్‌వేర్ లెక్క వేసి కలిపితే అప్పుడు రంగు. నలుపు తెలుపు కెమెరాతో రంగు ఫోటో అండీ! ఇప్పటి మీ ఫోన్ కెమెరా చేసేదీ అదే, కాకపోతే ఆ ఎరుపూ ఆకుపచ్చా నీలం అద్దాలు ఇప్పుడు సెన్సర్ మీదే చుక్కచుక్కకీ అతికించి ఉంటాయి.

1988 వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. మూడు నెలలుంది. ఒక ఆదివారం పొద్దున అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు లైట్లు పెట్టి, కదలకమ్మా అన్నాను. ఆకుపచ్చ మంగళగిరి చీర, ఎర్ర అంచు. బొట్టు కుంకుమతో పెట్టుకునేది, వేలితో, అద్దం చూడకుండా. అందుకని ఎప్పుడూ కొంచెం ఎడమకి ఉండేది.

ముందు ఎర్ర అద్దం. బొమ్మ గీత గీతగా వస్తోంది, అమ్మ అక్కణ్ణించే తెర చూస్తోంది. ఆకుపచ్చ చీర నల్లగా వచ్చింది, ఎర్ర అంచు తెల్లగా మెరిసింది. మొహం వచ్చింది. నుదురు బోసిగా ఉంది. ఎర్ర అద్దంలోంచి చూస్తే కుంకుమా, చర్మమూ ఒకే వెలుగులో కలిసిపోతాయి, బొట్టు కనపడదు. అమ్మ మొహం మారిపోయింది. "ఏరా, నా బొట్టేది?" అంది. నాన్న అప్పుడు తెనాలిలో ఒక్కరే ఉన్నారు. ఆ గొంతు నాకిప్పటికీ వినపడుతుంది. ఇది సగం పనేనమ్మా, ఇంకా ఉంది అని చెప్పి చక్రం తిప్పాను. ఆకుపచ్చ అద్దంలో చీర తేలికపడింది, అంచు నల్లబడింది, నుదుటి మీద బొట్టు నల్లగా, గుండ్రంగా, కొంచెం ఎడమకి వచ్చి కూర్చుంది. అమ్మ ఊపిరి వదిలింది. నీలంలో కుక్కర్ కూత పెడితే చెయ్యి కదిపింది, అందుకని కలిపిన ఫోటోలో కుడిచేతి పక్కన నీలం నీడ ఒకటి ఉండేది. అయినా 320 చుక్కల వెడల్పులో అమ్మ, ఎర్ర బొట్టుతో. ఓకిమేట్ 20 అని ఒక రంగుల ప్రింటర్ ఉండేది, దాని రిబ్బన్‌లో పసుపు, మెజెంటా, సయాన్ పట్టీలు, వేడికి మైనం కాగితానికి అంటుకునేది. దాంట్లో ప్రింట్ తీసి నాన్నకి పోస్ట్ చేశాను. ఆయన ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టారు. మన ఎండలకి మైనం అద్దానికే పట్టేసింది.

సరే, ఫోటో సేవ్ చేసిన ఫ్లాపీ డిస్కు ఉందిగా అనుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది ఇదే, పిల్లలు కూడా ఒక్క నిమిషం ఫోన్లు పక్కన పెట్టండి. అమ్మ 2002లో పోయింది. ఆ మరుసటి ఏడు, డేటా రికవరీ చేస్తామని బోర్డు పెట్టిన ఒక షాపుకి ఆ ఫ్లాపీ తీసుకెళ్ళాను. ఇది అమీగాది, పీసీలో చదవదు అని చెప్పాను, లేబుల్ మీదా రాసుంది. అమీగా డిస్కు మీద రాసే పద్ధతే వేరు, మామూలు పీసీలో డిస్కు చదివే కంట్రోలర్ చిప్‌కి అది ఖాళీ డిస్కులాగే కనపడుతుంది. అక్కడున్న అబ్బాయి నా కళ్ళముందే పీసీలో పెట్టాడు. ఈ డిస్క్ ఫార్మాట్ అయి లేదు, ఫార్మాట్ చేయాలా అని పీసీ అడిగింది. ఫార్మాట్ అంటే ఉన్నదంతా చెరిపి కొత్తగా గీతలు గీయడం. వద్దు అని నేను అనేలోపు ఎస్ నొక్కాడు. ఫ్లాపీ డ్రైవ్ ఆ గరగర శబ్దం మొదలుపెట్టింది. డిస్కు మీద గుండ్రటి వరసలు, ట్రాకులంటారు, 80. నేను కౌంటర్ దాటి వెళ్ళి బటన్ నొక్కేసరికి సగం పైన అయిపోయింది. ఆ అబ్బాయి ఇరవై డాలర్లు వాపసిచ్చి సారీ అన్నాడు. ఇరవయ్యేళ్ళు దాటింది, ఇప్పటికీ ఆ శబ్దం గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది.

ఆండీ వార్హోల్ పేరు విన్నారు కదా, పెద్ద చిత్రకారుడు. 1985 జూలై 23న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో అమీగాని జనానికి చూపించినప్పుడు గాయని డెబ్బీ హ్యారీ బొమ్మకి అక్కడికక్కడే ఆయన అమీగాలో రంగులు వేశాడు. ఆయన వేసిన ఇంకొన్ని బొమ్మల ఫ్లాపీలు ఆయన మ్యూజియంలో ఏళ్ళ తరబడి అలా పడున్నాయి. పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ కంప్యూటర్ క్లబ్ వాళ్ళు క్రయోఫ్లక్స్ అనే బోర్డుతో చదివారు. అది ఫైళ్ళ జోలికి పోదు, ఫార్మాట్ సంగతి అడగదు, డిస్కు మీదున్న అయస్కాంతపు మార్పుల్ని ఉన్నదున్నట్టు రాసుకుంటుంది. అంతేకాదు, ఆ బొమ్మలు ఎవరికీ తెలియని తొలినాటి ఫార్మాట్‌లో ఉంటే దాన్నీ విప్పారు. 2014లో ఆ బొమ్మలు బయటికొచ్చాయి. సూప్ డబ్బా, మూడు కళ్ళ వీనస్. వాళ్ళు ముందు చేసిన మంచి పనేమిటంటే, తెలియని డ్రైవ్‌లో ఆ ఫ్లాపీ పెట్టకపోవడం.

ఆ వార్త చదివి నేనూ అలాంటి బోర్డు కొన్నాను. బేస్‌మెంట్లో 43 ఫ్లాపీలుంటే 38 చదివింది. ఎక్కువ బొమ్మలు ఐఎఫ్ఎఫ్ ఫార్మాట్‌వి, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ళు 1985లో దాని వివరాలన్నీ బహిరంగంగా పెట్టారు కాబట్టి ఇవాళ్టికీ తెరవడం కష్టం కాదు. ఒకదాంట్లో ఆ ఆదివారం ఫైల్ ఒకటి దొరికింది. ఎందుకు సేవ్ చేశానో గుర్తులేదు, ఎర్ర అద్దంలోది ఒక్కటే విడిగా సేవ్ చేశాను.

ఇదిగో, తెర మీద చూడండి. మా అమ్మ. నల్ల చీర, తెల్ల అంచు. నుదుటి మీద ఏమీ లేదు.

మా మనవరాలు ఏఐలో పెట్టి రంగులు వేసింది. చాలా ప్రేమగా చేసింది పాపం. చీరకి నీలం వేసింది, అంచుకి బంగారు రంగు. బొట్టు పెట్టమంటే పెట్టింది, నుదుటికి సరిగ్గా నడిమధ్యలో. చూడ్డానికి చాలా బావుంది. కానీ మా అమ్మ బొట్టు అక్కడ ఉండదండీ! అది ఎక్కడుందో ఆకుపచ్చ అద్దం చూసింది, ఎర్ర అద్దం చూడలేదు. చూడనిది ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు, ఊహించి వేస్తుంది. ఏఐ పాఠానికి ముందు ఇది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. ముందు అసలుది కాపీ చేయండి, ఆ కాపీకి ఇంకో కాపీ చేయండి. బాగుచేయడం తర్వాత, దానికి తొందరేం లేదు.

కాబట్టి మీ బేస్‌మెంట్లలో, గరాజుల్లో, ఊళ్ళో అటకల మీద ఫ్లాపీలుంటే, అమీగావైనా అటారీవైనా, పెళ్ళిపిలుపులు డీటీపీ చేయించిన పీసీ ఫ్లాపీలైనా సరే, వాటిని ఎవరి చేతికీ ఇవ్వకముందు ఇది చేయండి. ఇటు చూడండి, నా చేతిలోది మూడున్నర అంగుళాల ఫ్లాపీ. వెనక్కి తిప్పితే మూలన చిన్న నల్ల పలక ఉంది, గోటితో జరిపితే కిటికీలా తెరుచుకుంటుంది. తెరిచి ఉంటే ఇంక దాని మీద ఏ డ్రైవూ రాయలేదు, ఫార్మాట్ చేయలేదు. అమ్మ ఫ్లాపీకి నేను ఈ కిటికీ తెరవలేదు.

ఏఐ సంగతి కాఫీ తర్వాత చెబుతాను. డ్రైవూ బోర్డూ తెచ్చాను, ఆ కిటికీ పక్కన టేబుల్ మీదున్నాయి. ఇళ్ళు దగ్గరున్నవాళ్ళు వెళ్ళి ఫ్లాపీలు తెచ్చుకోండి. సాయంత్రం ఆరింటి దాకా ఇక్కడే ఉంటాను.