ఏడు సీట్ల కారు, ఏడుగురు మనుషులు, నాలుగు బియ్యం బస్తాలు: కాటా ఎక్కించి చూశాం

నమస్కారమండీ. వెనకాల కనిపిస్తోంది చూడండి, అది రైస్ మిల్లు కాటా. సంక్రాంతికి కోనసీమలో అత్తగారింటికి వచ్చాం, ఇవాళ హైదరాబాద్ తిరుగు ప్రయాణం. లారీలు తూచే కాటా మీదకి మన ఏడు సీట్ల కారు ఎక్కిస్తుంటే మిల్లు అతను ఒకటే నవ్వు. నవ్వనివ్వండి.

ముందు మీ ఆర్‌సీ తీయండి. ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఎంతవరకు ఉండొచ్చన్న బరువు అందులో చూసుకోండి. రెండోది దొరక్కపోతే కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో వెతకండి. నా కారుకి 1,205, 1,785. తీసేస్తే 580 కేజీలు. మనుషులు, సామాను, టాప్ మీద క్యారియర్, అన్నీ ఈ 580లోనే.

ఆరుగురు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు కలిపి 430. ఇంకా 150 ఉంది, బోలెడు అనిపిస్తుంది. మా అత్తయ్యగారు 25 కేజీల బస్తాలు నాలుగు పెట్టించారు. వంద అక్కడే అయిపోయింది. ఆపైన కొబ్బరికాయలు, అరిసెల డబ్బా, ఆవకాయ జాడీ, మూడు సూట్‌కేసులు. కాటా మీద 1,830 చూపించింది. అంటే 45 కేజీలు ఎక్కువ.

"45 కేజీలకేనా బావా ఇంత గొడవ? టైరు ఒక్కోటి 560 మోస్తుంది" అన్నాడు మా బావమరిది. నిజమే, టైరు పక్కన 88 అని ఉంది, ఆ నంబరుకి అర్థం 560 కేజీలే. కానీ అది గాలి సరిగ్గా ఉన్నప్పటి మాట. గాలి తగ్గి, లోడు పెరిగితే టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి. ఎండాకాలం హైవే మీద టైరు పేలేది ఇలాగే. పైగా బ్రేకులు, స్ప్రింగులు ఆ 1,785 లెక్కకి చేసినవి, టైరు లెక్కకి కాదు.

ఇక డ్రైవింగ్. రావులపాలెం దాకా ఇలాగే నడిపాను, నెమ్మదిగా. బస్తాలన్నీ వెనక చక్రాల అవతల డిక్కీలో ఉన్నాయి కదా, వెనక కుంగి ముక్కు లేచింది. స్టీరింగ్ తేలికైపోయింది, ముందు చక్రాలకి పట్టు తగ్గినట్టు తెలుస్తూనే ఉంది. కాలువ గట్టు మలుపుల్లో టాప్ మీది కొబ్బరికాయల బరువుకి బండి పక్కకి ఒరిగింది. నాకు నచ్చనే లేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద గీసుకుంది కూడా. బ్రేక్ మామూలు కన్నా ముందే తొక్కాల్సి వచ్చింది. ఏబీఎస్ చక్రం లాక్ అవకుండా చూస్తుంది కానీ బరువు తగ్గించదుగా!

ఇంకోటి, మబ్బుగా ఉందని లైట్లు వేస్తే ఎదురొచ్చే లారీ అతను డిప్పర్ కొట్టాడు. నేను లో బీమ్‌లోనే ఉన్నాను. ముక్కు లేచింది కాబట్టి ఆయన కళ్లలో పడుతోంది. స్టీరింగ్ పక్కన సున్నా నుంచి మూడు దాకా ఉండే చిన్న చక్రం ఇందుకే, తిప్పితే లైటు కిందికి దిగుతుంది. డ్రైవర్ డోరు తీస్తే గాలి స్టిక్కర్ ఉంటుంది, ఫుల్ లోడుకి వెనక టైర్లకి ఎంతో అందులో చూసి కొట్టించండి.

రావులపాలెంలో రెండు బస్తాలు ఆర్టీసీ కార్గోలో వేశాం. ఇప్పుడు 1,780. కొబ్బరికాయలు కిందికి, కాళ్ల దగ్గరికి వచ్చాయి. ఈ సంగతి అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు, వీడియో చూస్తే తెలుస్తుంది.