మఠం దాటని యాత్ర: మాథ్యూ పారిస్ దారి పటాలపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్ మఠంలో మాథ్యూ పారిస్ అనే సన్యాసి 1250 ప్రాంతంలో లండన్ నుంచి జెరూసలేం దాకా దారి గీశాడు. ఆ పటాలున్న ఒక రాతప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మేడమ్, యాత్రికులు వెంట తీసుకెళ్ళడానికేనా ఇవి?

చరిత్ర అధ్యాపకురాలు: కాదండీ. ఆయన రాసిన పెద్ద చరిత్ర గ్రంథంతో పాటు కుట్టిన పేజీలివి. అంత బరువు మోసుకుంటూ ఎవరు వెళ్తారు? ఆ మఠంవాళ్ళు బెనెడిక్టైన్లు. చేరిన మఠంలోనే ఉండిపోతామని మాట ఇచ్చినవాళ్ళు. కూర్చున్నచోటే యాత్ర చేసుకోవడానికి ఈ పేజీలు పనికొచ్చాయని నా నమ్మకం.

చిత్రకారుడు: గీసిన తీరు కూడా అదే చెబుతోంది. పేజీలో రెండు నిలువు పట్టీలు. ఎడమ పట్టీ అడుగున లండన్, కోటగోడలు, థేమ్స్ నది. అక్కణ్ణుంచి పైకి చదవాలి. పైకొస చేరాక మళ్ళీ కుడి పట్టీ అడుగుకు దిగాలి. ఊరికీ ఊరికీ నడుమ ఒక రోజు ప్రయాణమని ఫ్రెంచిలో రాశాడు. వేలు పెట్టి మజిలీ మజిలీగా కదలాల్సిందే, ఒక్క చూపులో జెరూసలేం దొరకదు. ఇటలీ దగ్గరైతే పేజీ అంచుకు విడి ముక్కలు అతికించాడు. విప్పి చూడాలి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మనిషికి ఆ ఆలోచన వచ్చిందంటే నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

వ్యాఖ్యాత: అయితే ఇది పూర్తిగా భక్తి గ్రంథమేనంటారా?

అధ్యాపకురాలు: అంత మాట అనలేను. దక్షిణ ఇటలీలోని అపూలియా దగ్గర, ఇంగ్లండ్ రాజు హెన్రీ తమ్ముడు రిచర్డ్‌కు ఆ రాజ్యం ఇవ్వజూపిన సంగతి ప్రస్తావిస్తాడు. రాజకీయం అందులోకీ వచ్చింది. పవిత్రభూమి పటం చూడండి. జెరూసలేం చిన్న చతురస్రం, ఆక్ర రేవు మాత్రం గోడలూ బురుజులతో ఎంతో పెద్దది. 1244లో జెరూసలేం క్రైస్తవుల చేజారింది, ఆ తర్వాత వాళ్ళకు మిగిలిన పెద్ద ఆధారం ఆక్రే.

చిత్రకారుడు: ఆ గోడ బయట ఒంటె ఉంది చూశారా? ఎంత ముచ్చటగా గీశాడో!

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకుడి ప్రశ్న. ఆయన జెరూసలేం వెళ్ళాడా?

అధ్యాపకురాలు: వెళ్ళలేదు. 1248లో నార్వేలోని ఒక మఠం పని మీద అక్కడికి వెళ్ళొచ్చాడు. మిగతాదంతా మఠానికి వచ్చిపోయేవాళ్ళ నోటి నుంచి విన్నదీ, పుస్తకాల్లో చదివిందీ. సెయింట్ ఆల్బన్స్ లండన్ నుంచి ఉత్తరానికి పోయే దారి మీద ఉంది. రాజు, బిషప్పులు అక్కడే బస చేసేవాళ్ళు. 1257లో హెన్రీ రాజు వారం పాటు ఉన్నప్పుడు, మాథ్యూ ఆయన పక్కనే కూర్చుని వివరాలు అడిగి రాసుకున్నాడు.