మల్లి మెడ వాల్చిన రోజు

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు బాతు గురించి మాట్లాడతాను. ఆవులు, బర్రెలు, గొర్ల గురించి రేడియోలో చాలాసార్లు విన్నాం. కోళ్ల గురించీ విన్నాం. కానీ ఇంట్లో ఒకటో రెండో బాతులను ముద్దుగా పెంచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. దానికి ఉన్నట్టుండి పానం బాగలేకపోతే ఏం చేయాలో తెలియదు, ఎవరినడగాలో తెలియదు. "కోడికి చేసినట్టే చేయి" అంటారు పక్కింటివాళ్లు. మేం ఆ తిప్పలు పడ్డాం. అందుకే చెబుతున్నాను.

మాది హనుమకొండ దాటి హసన్‌పర్తి వైపు. ఇంటి వెనక చిన్న కుంట ఉంది. మూడేళ్ల కింద మా బాబు సంతలో మూడు బాతు పిల్లలను కొనుక్కొచ్చాడు. రెండు గోధుమరంగువి, ఒకటి తెల్లది. ఆ తెల్లదానికి మల్లి అని పేరు పెట్టుకున్నాడు. పొద్దున గూడు తలుపు తీయగానే మల్లి ముందు, మిగతా రెండూ వెనక, వరుసగా కుంటకు పోయేవి. చీకటి పడే వేళకు మళ్లీ అదే వరుసలో వచ్చేవి. మా అత్తమ్మ గడప మీద కూర్చుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని తలుపు వేసేది.

నిరుడు మే నెల. ఎండలు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కుంటలో నీళ్లు ఇంకిపోయి అడుగున బురద మిగిలింది. అయినా బాతులు అటే పోతున్నాయి, మేమూ పోనిస్తున్నాం. ఒకరోజు పొద్దున తలుపు తీస్తే రెండే బయటికొచ్చాయి. మల్లి రాలేదు. లోపలే కూర్చుని ఉంది. కాళ్ల మీద లేవలేక రెక్కలు నేలకు ఆనించి జరగాలని చూస్తోంది. పది గంటల కల్లా మెడ కూడా నిలబడలేదు. తడిసిన బట్టలా నేల మీద పరుచుకుంది ఆ మెడ. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, మమ్మల్నే చూస్తున్నాయి.

ఇక ఇంట్లో టెన్షన్. అత్తమ్మ పసుపు నీళ్లు కలుపుకొచ్చింది. పక్కింటి చిన్నమ్మ మిరియాలు, ఎల్లిగడ్డ నూరి ఉండ చేసుకొచ్చింది. ఒకరు నోరు పట్టుకోమంటారు, ఒకరు పోయమంటారు. అందరిదీ ప్రేమే. ఈలోగా మా బాబుకు ఇంకో ఆలోచన వచ్చింది. బాతు నీళ్ల పక్షి కదా, నీళ్లలో వేస్తే తేరుకుంటుందని టబ్బు నిండా నీళ్లు పట్టి అందులో దించాడు. మల్లి తేలింది. కానీ తల తేలలేదు. ముక్కు నీళ్లలోకి పోయింది. వాడు కేక వేస్తే పరుగెత్తుకెళ్లి బయటికి తీశాం. ఇంకో నిమిషం ఆలస్యమైతే నీళ్ల పక్షి నీళ్లలోనే మునిగి చచ్చిపోయేది.

అప్పుడు మా వీధిలో ఉండే, రిటైరైన పశువుల డాక్టర్ సారుకు ఫోన్ చేశాను. ఆయన మొదటి మాట ఇది. "అమ్మా, ముందుగాల నోట్లో ఏం పోయకుండ్రి."

మళ్లీ చెబుతున్నాను, నోట్లో ఏమీ పోయొద్దు.

ఎందుకో ఆయన తర్వాత ఇంటికొచ్చి, ఆరోగ్యంగా ఉన్న బాతు నోరు తెరిచి చూపించారు. నాలుక మొదట్లోనే చిన్న చీలిక ఉంటుంది. అదే ఊపిరి గొట్టం ద్వారం. బాతు మంచిగా ఉన్నప్పుడు మింగేటప్పుడు అది మూసుకుంటుంది. నీరసంతో మెడ వాల్చిన బాతుకు ఆ పట్టు ఉండదు. మనం పోసిన పసుపు నీళ్లు, కషాయం, ఆఖరికి మంచినీళ్లయినా సరే, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. "రోగంతోటి సచ్చే బాతుల్ని చూసిన, పోసిన నీళ్లతోటి సచ్చే బాతుల్నీ చూసిన" అన్నారు సారు. ఆ మాట విన్నాక అత్తమ్మ గిన్నె పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

ఫోన్‌లో ఆయన ముందు అడిగినవి మూడే ప్రశ్నలు. మెడ గట్టిగా బిగుసుకుని వంకర తిరిగిందా, మెత్తగా వేలాడుతోందా? నిన్న, మొన్న ఎక్కడ తిరిగింది? ఏం తిన్నది? మెడ మెత్తగా ఉందన్నాను. కుంటలో తిరిగిందన్నాను. "కుంటల నీళ్లున్నయా?" "లేవు సార్, బురద." "చేపలేమన్న సచ్చినయా?" నాకు తెలియదు. నేను పోయి చూడనే లేదు. అప్పుడు పోయి చూస్తే, బురద అంచున అరచేయంత చేపలు పది దాకా చచ్చి ఉన్నాయి. వాటి మీద తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి.

కారణం అదే. చెరువు, కుంట మట్టిలో ఒక రకం బ్యాక్టీరియా గింజలా గట్టిపడి ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఎండలు ముదిరి, నీళ్లు నిలిచి, చేపో పిట్టో చచ్చి కుళ్లితే, గాలి తగలని ఆ కళేబరంలో అది మేలుకుని విషం తయారు చేస్తుంది. ఆ కళేబరాన్ని తిన్న పురుగుకు ఏమీ కాదు. కానీ విషం పురుగు ఒంట్లో ఉంటుంది. బాతుకు పురుగులంటే ప్రాణం. నాలుగైదు తిన్నా చాలు, కాళ్లు, రెక్కలు, తర్వాత మెడ వరుసగా పట్టు తప్పుతాయి. డాక్టర్లు దీన్ని బొట్యులిజం అంటారు. బాతును ముట్టుకుంటే మనకు అంటుకునే రోగం కాదు, ఒక బాతు నుంచి ఇంకో బాతుకూ రాదు. అన్నీ ఒకే చోట తింటే మాత్రం అన్నిటికీ వస్తుంది. అందుకని సారు రెండో మాటగా, మిగతా రెండింటినీ వెంటనే పెరట్లో కట్టడి చేయమన్నారు.

మల్లికి ఏం చేశామో చెబుతాను. వెదురు గంపలో వరి పొట్టు పోసి, పైన మెత్తటి పాత చీర పరిచి, దానిని కడుపు మీద కూర్చోబెట్టాం. ఒక తువ్వాలను చుట్ట చుట్టి గడ్డం కింద పెట్టాం, తల పైకి ఉండేటట్టు. గంపను నీడలో, గాలాడే చోట ఉంచాం. పిల్లల గోల లేదు, కుక్క రాదు. అంతే. మీకు చిన్న పనిగా కనిపించవచ్చు గానీ, ఆ రోజు మల్లిని నిలబెట్టింది ఆ తువ్వాల చుట్టే అని నేను నమ్ముతాను.

పట్టుకోవడంలో ఒక సంగతి. కోడిని కాళ్లు పట్టి, రెక్కలు పట్టి ఎత్తడం మనకు అలవాటు. బాతును అలా ఎత్తితే కాళ్లకు దెబ్బ తగులుతుంది. రెండు చేతులతో రెక్కలు ముడిచి, కడుపు కింద ఆసరా ఇచ్చి ఎత్తాలి. ఛాతీ మీద ఒత్తకూడదు. మన ఛాతీకీ కడుపుకీ మధ్య ఊపిరి ఆడించే కండరం ఉంటుంది, దాన్ని డయాఫ్రం అంటారు. అది పక్షులకు లేదు. ఛాతీ ఎముక పైకీ కిందికీ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. భయంతో గట్టిగా హత్తుకుంటే, మన ప్రేమే దాని ఊపిరి ఆపుతుంది.

మధ్యాహ్నం ఆటోలో గంపతో సహా పశువుల దవాఖానకు తీసుకెళ్లాం. అక్కడ చూసి, కుంట సంగతి విని, బొట్యులిజం లాగే ఉందన్నారు. ఊపిరి ద్వారాన్ని తప్పించి సన్నటి మెత్తటి గొట్టాన్ని లోపలికి దించి నీళ్లు ఎక్కించారు. ఆ పని వాళ్లే చేయాలి, ఇంట్లో మనం చేయకూడదు. "విషం బయటికి పోయేదాకా పానం నిలబెట్టుడే మన పని. రెండు రోజులు గడిస్తె బతుకుతది" అన్నారు. రోజూ తీసుకురమ్మన్నారు, తీసుకెళ్లాం.

ఇంట్లో మేం చేసిన సేవ చెప్పుకోవడానికి చాలా చిన్నది. రెండు గంటలకోసారి ఒరిగిన వైపు మార్చడం. కనురెప్ప వేయలేదు కాబట్టి శుభ్రమైన తడి బట్టతో కళ్లు అద్దడం. వెనక భాగం కడిగి తుడవడం, లేకపోతే ఈగలు గుడ్లు పెడతాయి. ముక్కు కొసను గిన్నెలో నీళ్లకు ఆనించడం, తనంతట తాను మింగితే మింగనివ్వడం, మింగకపోతే ఊరుకోవడం. తిండి పెట్టలేదు. రెండో రోజు రాత్రి మా అత్తమ్మ గంప పక్కనే చాప వేసుకుని పడుకుంది. ఆమె మోకాళ్ల నొప్పి నాకు తెలుసు. వద్దన్నా వినలేదు.

మూడో రోజు పొద్దున తువ్వాల మీద తల లేదు. నా గుండె ఆగినంత పనైంది. వంగి చూస్తే, మల్లి తల తనే పైకెత్తి పట్టుకుని ఉంది. వణుకుతోంది, అయినా పట్టుకుని ఉంది. ఆ పూట తౌడును నీళ్లలో పలచగా కలిపి పెడితే నాలుగు సార్లు ముక్కు ముంచింది. ఐదో రోజు నిలబడింది. వారానికి గొంతు తిరిగొచ్చింది.

గొంతు అంటే గుర్తొచ్చింది. చాలామంది మగ బాతు అరుపు బొంగురుగా ఉందని, జలుబు చేసిందని భయపడతారు. బిగ్గరగా అరిచేది ఆడబాతే. మగబాతు గొంతు ఎప్పుడూ బొంగురే. పెద్దయ్యాక దాని తోక మీద ఒకటి రెండు ఈకలు పైకి మెలి తిరిగి ఉంటాయి, అదే గుర్తు. అలాగే బాతును ముట్టుకుంటే వెచ్చగా ఉందని జ్వరం బిళ్ల వేస్తారు. మనకు ఒంటి వేడి 98 డిగ్రీల దగ్గర ఉండడం మామూలు, బాతుకు 107 డిగ్రీల దగ్గర ఉండడమే మామూలు. మనుషుల బిళ్లలు బాతుకు వేయకండి. దవాఖానలో మందు ఇస్తే, ఆ బాతు గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా అక్కడే అడగండి.

సుస్తీ అంతా కుంట నుంచే రాదు. మన దిక్కు మక్కలు, పల్లీలు బాగా పండుతాయి. వానకు తడిసి బూజు పట్టినవాటిని "మనం తినం, బాతుకు వేద్దాం" అంటారు. దయచేసి వేయకండి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు నెలల వ్యవధిలో చచ్చిపోయాయి, బాతు పిల్లలు కూడా పోయాయి. దాణాలో కలిపిన పల్లి చెక్కకు పట్టిన బూజే కారణమని తర్వాత తేలింది. ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. కడిగినా, ఎండబెట్టినా, ఉడికించినా పూర్తిగా పోదు. దానికి అందరికన్నా ముందు బలయ్యేది బాతు పిల్లే.

గుడ్డు అడ్డం పడి ముక్కే బాతులుంటాయి, మేకు మింగి నీరసించే బాతులుంటాయి, వడదెబ్బ తగిలేవి ఉంటాయి. అవన్నీ చెప్పే సమయం ఈ పూట లేదు. కానీ ఒకటి చెప్పకుండా పోలేను. ఒకటి కాదు, రెండు మూడు పక్షులు ఒకేసారి పడిపోయినా, కారణం తెలియకుండా చచ్చినా, తల వాచినా, ముక్కు నుంచి కారుతున్నా, అది బర్డ్ ఫ్లూ కావచ్చు. వట్టి చేతులతో ముట్టుకోవద్దు, కోసి వండొద్దు, కాలువలో పడేయొద్దు. పిల్లల్ని దూరం ఉంచి దగ్గరలోని పశువైద్యాధికారికి చెప్పాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు మామునూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. ఏ సుస్తీ అయినా సరే, బాతును పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఎవరికి ఫోన్ చేసినా వాళ్లు వచ్చేదాకా, లేదా మీరు వెళ్లేదాకా, ఒకటి రెండు గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే మన చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి పోయాలనిపిస్తుంది. పోయొద్దు. నీళ్లలో వదలాలనిపిస్తుంది. వదలొద్దు. తల పైకి పెట్టండి, నీడలో కూర్చోబెట్టండి, అది ఎక్కడ తిరిగిందో పోయి చూడండి.

కుంట దగ్గర మేం ఆ రోజే చేపలను ఏరి, లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాం. వానలు పడి కుంట నిండేదాకా బాతులను అటు పోనివ్వలేదు. పెరట్లో తల మునిగేంత లోతున్న తొట్టి పెట్టి రోజూ నీళ్లు మార్చాం. బాతుకు తల ముంచి కళ్లు, ముక్కు కడుక్కునే నీళ్లు లేకపోతే అదొక బాధ, మేత పక్కన నీళ్లు లేకపోతే గొంతులో అడ్డం పడుతుంది.

ఈ ఏడు ఎండలు మొదలైనప్పటి నుంచి మా బాబు బడికి పోయే ముందు ఒకసారి కుంట చుట్టూ తిరిగొస్తున్నాడు. "అమ్మా, ఇయ్యాల ఒక్క చేప గూడ లేదు" అని చెప్పాకే అత్తమ్మ గూడు తలుపు తీస్తుంది. మల్లి ముందు, మిగతా రెండూ వెనక.

నమస్కారం.