తుపాను ఎటు పోయినా బిల్లు మనకే

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

యాంకర్: అక్టోబరు వచ్చిందంటే వైజాగ్‌లో ప్రతి ఫోన్‌లోనూ గాలి మ్యాపులే. ‘మరో హుద్‌హుద్’ అంటూ పది రోజుల ముందే మెసేజీలు. మీరు రోజూ వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు చూస్తారు కదా, ఎంతవరకు నమ్మొచ్చు?

వాతావరణ ఔత్సాహికుడు: పది రోజుల ముందు అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్ మోడల్ చూపించే తుపాను చాలాసార్లు పుట్టనే పుట్టదండీ. అల్పపీడనం కూడా లేకముందే గీత గీసి విశాఖ దగ్గర చుక్క పెట్టేస్తారు. ఆరు గంటలకోసారి మోడల్ కొత్త లెక్క (రన్) ఇస్తుంది. గీత పొద్దున ఒంగోలు, రాత్రికి పారాదీప్. మొదట్లో నేనూ అలా షేర్ చేసినవాడినే. ఓసారి నా మాట విని మా వీధిలోవాళ్లు కొవ్వొత్తులు కొన్నారు, తీరా చూస్తే ఎండ కాసింది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. సముద్రం 26.5 డిగ్రీలు దాటితే తుపానుకు మేత దొరికినట్టే, అక్టోబరులో బంగాళాఖాతం అంతకంటే వేడిగానే ఉంటుంది.

యాంకర్: డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా ఉండగా మనకేం కాదని పెద్దవాళ్లు అంటుంటారు...

రిటైర్డ్ విద్యుత్ ఇంజనీరు: (నవ్వుతూ) 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ వచ్చిన రోజు కూడా కొండ అక్కడే ఉందండీ.

యాంకర్: నిజమే. ఆ రోజు మీరు చూసింది చెప్పండి.

ఇంజనీరు: ఆదివారం. పొద్దున్నుంచీ గాలి ఒకవైపే తోసింది. మధ్యాహ్నం తుపాను కన్ను ఊరి మీదికొచ్చేసరికి అంతా నిశ్శబ్దం. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. కాసేపటికి ఎదురువైపు నుంచి మొదలైంది. పొద్దున వేరు కదిలిన చెట్టు, మొదలు వదులైన స్తంభం ఆ రెండో గాలికి పడ్డాయి. చెట్టు ఒక్కటే పడదు కదా, నాలుగు స్పాన్ల (స్పాన్ అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం) వైరు లాక్కుపోతుంది. ఇంకో లెక్క చెప్తాను. గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 90 కిలోమీటర్ల గాలికి ఊగే లైను 180కి ఊడిపోతుంది.

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి: మాకు కరెంటు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. మోటారు లేదు, లిఫ్టు లేదు, అయిదో అంతస్తుకి బకెట్లు మోశాం. సరే, ఆమధ్య బిల్లులో ట్రూ అప్ అని వేశారు. అది తుపాను ఖర్చేనా సార్?

ఇంజనీరు: చాలామంది అలాగే అనుకుంటారమ్మా. ట్రూ అప్‌లో పెద్ద భాగం కరెంటు కొనుగోలుది. ముందు వేసిన అంచనా కంటే ఖర్చు పెరిగితే, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) ఒప్పుకున్నంత తర్వాత వసూలు చేస్తారు. స్తంభాల ఖర్చు వేరే దారిలో వస్తుంది. కొంత ప్రభుత్వ సాయం, కొంత అప్పు. ఆ అప్పు మీద వడ్డీ, సామాను తరుగుదల నెట్‌వర్క్ ఖర్చులో కలిసి మెల్లగా టారిఫ్‌లోకి, అంటే కరెంటు రేట్లలోకి చేరతాయి. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని చిదిమేసింది. విశాఖలో ఒక్క కొమ్మ విరగకపోయినా ఆ ఖర్చు మనకు తగలకుండా పోదు. టారిఫ్ రాష్ట్రమంతటికీ ఒకటే మరి.

కార్యదర్శి: మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉంటాడు. అక్కడా ఇదే గోల.

ఔత్సాహికుడు: 2024 జూలైలో బెరిల్ కదా ఆంటీ? హరికేన్ అన్నా తుపాను అన్నా జాతి ఒకటే, సముద్రాన్ని బట్టి పేరు. తీరం దాటేటప్పుడు అది కేటగిరీ 1, అంటే హరికేన్లలో అన్నిటికంటే కింది తరగతి మాత్రమే. అయినా 20 లక్షలకు పైగా కరెంటు కనెక్షన్లు పోయాయి, అదీ మండుటెండల్లో.

యాంకర్: మరి వైర్లన్నీ భూమిలో వేసేస్తే?

ఇంజనీరు: హుద్‌హుద్ తర్వాత ప్రపంచబ్యాంకు అప్పుతో మన ఊళ్లో కొన్ని చోట్ల వేశారు. గాలికి భయం లేదు, నిజమే. కానీ ఖర్చు ఎన్నో రెట్లు. పైన తెగితే కంటికి కనిపిస్తుంది, కింద తెగితే ఎక్కడో వెతకాలి. ఈలోగా ఇంకెవరో జేసీబీతో తవ్వి కేబుల్ కోసేస్తారు. నన్నడిగితే ఆసుపత్రులు, మంచినీటి పంపులకు కరెంటిచ్చే లైన్లు (ఫీడర్లు) ముందు భూమిలోకి పంపాలి. మిగతా చోట్ల సెప్టెంబరులోనే లైను పక్క కొమ్మలు కొట్టేయాలి. మన వీధిలో చెట్టు కొడుతుంటే మనమే గొడవ పెట్టుకుంటాం, అది వేరే సంగతి.

కార్యదర్శి: మేం ఆ బాధ పడలేక జనరేటర్ కొన్నాం.

ఇంజనీరు: చేంజోవర్ స్విచ్ పెట్టించారా?

కార్యదర్శి: అదేంటి సార్?

ఇంజనీరు: లైనూ జనరేటరూ ఒకేసారి కలవకుండా ఆపే స్విచ్. అది లేకపోతే మీ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కెక్కి 11 వేల వోల్టులవుతుంది. అవతల లైన్‌మన్ కుర్రాడు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపామన్న అనుమతి) తీసుకుని, లైన్లో ఏం లేదనుకుని స్తంభం మీదుంటాడు.

కార్యదర్శి: ...మా ఎలక్ట్రీషియన్‌ని అడగాలి.

ఇంజనీరు: ఈరోజే అడగండమ్మా.